సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత - గృహిణులు తెలిసికొనవలసిన విషయములు

శరీరమునకు జ్వరము తగిలినచో నుదుట చేయి పెట్టి చూచినంతనే యింటివారికి తెలియును. మనస్సునకు తగిలిన వ్యాధి యంత సులభముగా తెలియదు. అందును కొన్ని వ్యాధులు వ్యాధులవలె గాక స్వభావదోషములవలె కనబడును. "దానిది మొదటినుండియు కోపిష్ఠి గుణము", "పంతము పట్టినదన్న నెవరి మాటయు వినదు", "అంతయు నటన" అని యిరుగుపొరుగువారు చెప్పుకొను స్త్రీలలో కొందరు నిజముగా రోగపీడితలు. వారి బాధకు వైద్యశాస్త్రమున పేరు కలదు, లక్షణములు నిర్ణయింపబడినవి, చికిత్స కలదు. అన్నిటికంటె ముఖ్యముగా, నయమగునని నమ్ముటకు తగిన యాధారము కలదు. ఆ రుగ్మతను ఆంగ్లమున బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అందురు. తెలుగున సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత యని చెప్పవచ్చును.

పేరు కఠినముగా నున్నను విషయము గృహిణులకు క్రొత్తది కాదు. ఒక యువతి యున్నదనుకొనుడు. ఉదయమున వదినగారిని మించిన దేవత లేదనును. సాయంకాలము వదినగారొక మాట తొందరలో ననినచో, ఆమెకంటె పగవారు లేరని తలుపు వేసికొని యేడ్చును. భర్త పనిమీద కాజీపేట వెళ్లి రెండు గంటలు ఆలస్యముగా వచ్చినచో, ఇక తన్ను విడిచిపెట్టినాడని వణకిపోవును. ఆ భయమే మరునిమిషమున కోపమగును. కోపము చల్లారిన పిమ్మట సిగ్గగును. సిగ్గు తన్ను తాను శిక్షించుకొనవలెనను తలంపగును. ఇది యొకనాటి కలహము కాదు. ఏండ్ల తరబడి, పుట్టింటను, అత్తింటను, స్నేహితులయొద్దను ఇదే తీరుగా జరుగుచుండును. అట్టిచో దానిని గుణమని త్రోసివేయక రుగ్మతయేమోయని విచారింపవలయును.

పేరు వచ్చిన విధము

1938వ సంవత్సరమున న్యూయార్కు నగరపు మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ కొందరు రోగులను గూర్చి వ్రాసెను. వారు సామాన్యమైన మనోవ్యాకులత గలవారికంటె తీవ్రముగా బాధపడుచుండిరి. అట్లని తెలివి తప్పిన యున్మాదులును గారు. రెంటి నడిమి సరిహద్దున నున్నట్లు తోచుటచే వారికి "సరిహద్దువారు" అను పేరు కలిగెను. నేటి వైద్యులు ఆ యూహను విడిచిరి గాని పేరు మాత్రము నిలిచిపోయెను. కావున ఈ పేరు విని, "పిచ్చికి ఒక యడుగు ఇవతల" అని ఎవరును భయపడ నక్కరలేదు. జాన్ గండర్సన్ మొదలగు వైద్యుల పరిశ్రమచే 1980వ సంవత్సరమున అమెరికా మానసికవైద్యుల రోగనిర్ణయ గ్రంథమున దీనికి స్థానము లభించెను. ప్రపంచారోగ్యసంస్థవారి పట్టికయందును ఇది కలదు.

లక్షణములు

వైద్యులు తొమ్మిది లక్షణములను లెక్కింతురు. ఆత్మీయులు విడిచిపోవుదురను భరింపరాని భయము మొదటిది. ఒకరినే నేడు ఆకాశమునకెత్తి రేపు పాతాళమునకు ద్రొక్కునట్టి అస్థిరమైన సంబంధములు రెండవది. తానెవరో, తనకేమి కావలయునో తనకే స్థిరముగా తెలియకుండుట మూడవది. ముందువెనుకలు చూడక ధనము వెచ్చించుట, మితిమీరి తినుట, మత్తుపదార్థములు సేవించుట వంటి తొందరపాటు పనులు నాలుగవది. తన్ను తాను గాయపరచుకొనుట, ప్రాణము తీసికొందునని బెదరించుట లేక యట్లు ప్రయత్నించుట అయిదవది. గంటగంటకు మారు మనోభావములు ఆరవది. ఎంతకును తీరని శూన్యత, లోపలనంతయు డొల్లయను భావము ఏడవది. అణచుకొనరాని కోపము ఎనిమిదవది. మిక్కిలి దుఃఖసమయమున కొంతసేపు అందరును తనపై కుట్ర పన్నుచున్నారని తోచుట, లేక తన శరీరము తనది కానట్లు తోచుట తొమ్మిదవది.

వీనిలో నయిదైనను ఉండి, యౌవనారంభము నుండి దీర్ఘకాలముగా నిలిచి, జీవితమును చెడగొట్టుచున్నయెడలనే రోగమని నిర్ణయింతురు. ఈ జాబితాను చూచి ఇంటిలోని కోడలికో కూతురికో రోగమున్నదని మనము తీర్పు చెప్పరాదు. కోపము రాని మనుష్యులు లేరు. పదునారేండ్ల పిల్ల తలుపు విసరివేసినంతమాత్రమున రోగి కాదు. మనోవిషాదము, మత్తుకు లోబడుట, వెనుకటి ఘోరానుభవముల వలని భీతి మొదలగునవి ఈ రుగ్మతతో కలిసియుండుటయు కలదు. ఉత్సాహవిషాదములు మారిమారి వచ్చు బైపోలార్ వ్యాధితో దీనిని పొరబడుటయు కద్దు. ఆ వ్యాధియందు ఒక్కొక్క స్థితి దినములు, వారములు నిలుచును. దీనియందు గంటలలో మారును. తరచుగా ఎవరితోనో జరిగిన మాటపట్టింపే దానికి కారణమై యుండును. ఈ భేదమును అనుభవజ్ఞుడైన మానసికవైద్యుడు మాత్రమే, ఒక్కసారి చూచి గాక, పలుమారులు మాటలాడి నిర్ణయింపగలడు.

ఇది స్త్రీలకే వచ్చునా యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. వైద్యశాలలకు వచ్చువారిలో స్త్రీలే యధికులు. కాని 2008వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గొప్ప అమెరికా జనపరిశీలనయందు స్త్రీపురుషుల సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. పురుషుని కోపమును లోకము పౌరుషమనును, త్రాగుటను వ్యసనమనును, అందుచే అతని రోగము వైద్యుని కంటబడదు. స్త్రీ కన్నీరు వెంటనే కంటబడును, కాని దానికి నటన యని పేరు. ఇరువురికిని అన్యాయమే జరుగుచున్నది.

కారణములు

ఈ రుగ్మత యొక్క కారణము ఒక్కటి కాదు. కవలపిల్లలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఇందు పుట్టుకతో వచ్చు పాలు కొంత యున్నదని కనుగొనిరి. కొందరు శిశువులు పుట్టుకతోనే సుకుమారమైన మనస్సు గలవారు. ఇతరులకు చీమకుట్టినట్లున్నది వారికి తేలుకుట్టినట్లుండును. ఆ బాధ తగ్గుటకును ఎక్కువకాలము పట్టును. అట్టి పిల్ల పెరుగు ఇంటిలో ఆమె బాధను ఎప్పటికప్పుడు కొట్టివేయుచు, "ఇంతదానికే యేడ్పా?" అని గద్దించుచు నున్నచో, ఆమె తన మనస్సునకు పేరు పెట్టుట, దానిని ఊరడించుట నేర్వదు. బాల్యమున దెబ్బలు, నిర్లక్ష్యము, లైంగిక దురాచారము అనుభవించినవారు ఈ రోగులలో చాలమంది కలరు.

అయినను ఇట్టి యనుభవము లేనివారికిని ఈ రుగ్మత వచ్చుచున్నది. కావున రోగము నిర్ణయింపబడగానే తల్లిపెంపకమును తిట్టుట న్యాయము కాదు. వెనుకటి తప్పులను తవ్వుటకంటె నేడు ఇంటివారు నేర్చుకొనగలిగినదేమో చూచుట మేలు.

ఓరుగంటి లెక్కలు చెప్పు పాఠము

ఈ రుగ్మత విషయమున విదేశీయులు వ్రాసిన గ్రంథములు చాల కలవు. కాని మన వరంగల్ ప్రాంతమున దీనిని గూర్చి మాటలాడునపుడు వేరొక సంగతిని ముందుగా ఎఱుగవలయును. నగరమునందలి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, జనులు ఎం.జి.ఎం. దవాఖానా యని పిలుచునది, 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైనది. అచ్చటి లెక్కలను పరిశీలించి కొందరు వైద్యులు 2005వ సంవత్సరమున నొక వ్యాసమును ప్రకటించిరి. 1997 మొదలు 2002 వరకు ఆ యొక్క వైద్యశాలకే పురుగుమందు విషముతో 8040 మంది వచ్చిరి. వారిలో నూటికి ఇంచుమించు 23 మంది మరణించిరి. 2002వ సంవత్సరపు లెక్కలను విడిగా చూడగా, మూడింట రెండువంతుల మంది ముప్పదియేండ్ల లోపువారు. నూటికి 96 మంది తమంతట తాము విషము పుచ్చుకొన్నవారు.

వీరందరికిని సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత యున్నదని ఎవరును చెప్పరాదు. అప్పులు, పంటనష్టము, వరకట్నపు పోరు, పరీక్షలో తప్పుట, త్రాగుడు, మనోవిషాదము మొదలగు అనేక హేతువులు కలవు. కాని ఈ లెక్కలు తెలుపు సత్యమొకటి కలదు. ఆవేశము ఎంతటిదైనను అది శాశ్వతము కాదు. కొన్ని నిమిషములలో, కొన్ని గంటలలో చల్లారును. పురుగుమందు చేరువనున్న యింట ఆ కొన్ని నిమిషములే ప్రాణాంతకములగును. మూలకు పురుగుమందు డబ్బా లేని దేశమున బ్రతికి, మరునాడు పశ్చాత్తాపపడి, చికిత్స పొంది బాగుపడవలసిన పిల్ల, ప్రత్తి పండించు పల్లెలో బ్రతుకదు. ఇచ్చట ఈ రుగ్మత మిక్కిలి ప్రమాదకరమగుటకు రోగముయొక్క తీవ్రతకంటె చేతికందు విషమే యెక్కువ కారణము.

దేశపు నేరలెక్కల సంస్థవారి 2021వ సంవత్సరపు పట్టిక ననుసరించి దేశమందు లక్షమందికి 12 మంది ఆత్మహత్యచే మరణింపగా, తెలంగాణమున ఆ సంఖ్య ఇంచుమించు 27. పొరుగున నున్న సింహళద్వీపము మనకొక దారి చూపినది. అచ్చటి ప్రభుత్వము మిక్కిలి విషపూరితములైన పురుగుమందులను 1995, 1998 సంవత్సరములందు నిషేధింపగా, పదేండ్లలో ఆత్మహత్యల సంఖ్య ఇంచుమించు సగమునకు తగ్గెను. జనుల దుఃఖములన్నియు ఆ పదేండ్లలో తీరిపోలేదు. విషము మాత్రము చేతికందకపోయెను. దేశము చేయదగినది దేశము చేయవలయును. ఇల్లు చేయదగినది గృహిణి చేయవలయును. పురుగుమందు డబ్బాలను పొలమువద్దనే తాళమువేసి యుంచుడు. ఇంటిలో మిగిలిన మాత్రలను పారవేయుడు. కావలసినవానిని ఒకరి స్వాధీనమున నుంచుడు. ఈ యొక్క పనికి వైద్యుడు రానక్కరలేదు, ధనము వెచ్చింపనక్కరలేదు.

చికిత్స

ఒకప్పుడు ఈ రోగులను వైద్యులే విసుగుకొనెడివారు. వీరు బాగుపడరని తలంచెడివారు. ఆ తలంపును మార్చినవారిలో ముఖ్యురాలు మార్షా లైనహాన్ అను అమెరికా విదుషీమణి. ఆమె కనిపెట్టిన చికిత్సకు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ యని పేరు. 1991వ సంవత్సరమున ఆమె తన చికిత్స ఫలితములను ప్రకటించెను; మాటిమాటికి తమ్ము తాము గాయపరచుకొను స్త్రీలయందు ఆ చేష్టలు ఈ చికిత్సచే తగ్గినట్లు తేలెను. ఇరువదియేండ్ల తరువాత, 2011లో, ఆమె యొక రహస్యమును లోకమునకు వెల్లడించెను. పదునేడేండ్ల ప్రాయమున, 1961లో, తానే మానసిక వైద్యశాలలో చేర్పబడి రెండేండ్లకు పైగా అచ్చట నుంటినని, తన రోగము వంటి రోగముతో బాధపడువారికొరకే ఈ చికిత్సను నిర్మించితినని ఆమె చెప్పెను. ఏ వైద్యశాలలో తాను రోగియై యుండెనో ఆ వైద్యశాలయందే సభామధ్యమున ఆ మాట చెప్పుట గమనింపదగినది.

ఈ చికిత్సయొక్క మూలసూత్రము సులభము. రోగికి రెండు మాటలు ఒకేసారి చెప్పవలయును. "నీ బాధ నిజమైనది, నీవున్న స్థితిలో నీవిట్లు బాధపడుట అర్థమగుచున్నది" అనునది మొదటి మాట. "అయినను నీవు మారవలయును, మారగలవు" అనునది రెండవ మాట. మొదటిది లేక రెండవది చెప్పినచో రోగి దానిని తిట్టుగా భావించును. రెండవది లేక మొదటిది చెప్పినచో రోగము కదలదు.

చికిత్స సాధారణముగా ఒక సంవత్సరము సాగును. వారమునకొకసారి చికిత్సకునితో ఏకాంతమున సంభాషణ, మరియొకసారి పదిమందితో కూడిన తరగతి యుండును. ఆ తరగతిలో నాలుగు విద్యలు నేర్పుదురు. మనస్సులో జరుగుచున్న దానిని తీర్పు చెప్పక గమనించుట మొదటిది. బౌద్ధుల ధ్యానపద్ధతినుండి దీనిని గ్రహించిరి. భరింపరాని సమయమును కీడు చేసికొనక గడుపుట రెండవది. మనోభావములను గుర్తించి అదుపులో నుంచుకొనుట మూడవది. కలహింపకయు, లొంగిపోకయు తనకు కావలసినది అడుగుట, వలదన్నది వలదని చెప్పుట నాలుగవది.

రెండవ విద్యను ఉదాహరింతును. ఆవేశము మిన్నుముట్టినపుడు చన్నీళ్లు ముఖముపై చల్లుకొనుట, వేగముగా నడచుట లేక మెట్లెక్కిదిగుట, ఊపిరిని మెల్లగా, తీసికొనుటకంటె విడుచుటకు ఎక్కువసేపు పట్టునట్లు, వదలుట మొదలగునవి నేర్పుదురు. ఇవి చిట్కాలవలె తోచినను శరీరమును శాంతపరచి మనస్సునకు వ్యవధి నిచ్చును. గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని యడిగి చేయవలయును. మన కాకతీయుల చెరువులకు మత్తడి యున్నట్లు మనస్సునకును పొంగిన నీరు పోవు దారి యొకటి యుండవలయును. లేనిచో కట్ట తెగును.

ఇది యొక్కటే చికిత్స కాదు. తన మనస్సున నేమున్నదో, ఎదుటివారి మనస్సున నేమున్నదో నిదానించి తెలిసికొనుటను నేర్పు పద్ధతిని లండను నగరమున బేట్‌మన్, ఫోనగీ యను వైద్యులు కనిపెట్టి, 1999లో దాని ఫలితములను ప్రకటించిరి. "స్కీమా థెరపీ" యను వేరొక పద్ధతి బాల్యమున పాదుకొన్న తలంపులను సవరించును.

ఇట్టి ప్రత్యేక చికిత్సలు తెలిసినవారు మన యూళ్లలో ఎందరున్నారని నిరాశ పడనక్కరలేదు. 2009వ సంవత్సరమున కెనడా దేశపు టొరాంటో నగరమున 180 మంది రోగులను రెండు జట్టులుగా చేసి, ఒక జట్టునకు లైనహాన్ పద్ధతిని, ఇంకొక జట్టునకు క్రమబద్ధమైన సామాన్య మానసిక వైద్యమును ఒక సంవత్సరము జరిపిరి. ఇరుజట్టులవారును బాగుపడిరి; చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. దీనివలన తెలియునదేమనగా, ఈ రుగ్మతను ఎఱిగిన యొక వైద్యుడు, క్రమము తప్పక రోగిని చూచుచు, ఓపికతో మాటలాడుచు, ఇంటివారికి బోధించుచు వచ్చినచో అదియు గొప్ప చికిత్సయే. వైద్యుని మాటిమాటికి మార్చుట, నాలుగు వారములకే విసిగి మానుట దీనికి శత్రువులు.

మందుల స్థానము

"ఒక మాత్ర యిచ్చి నయము చేయరాదా?" అని పెక్కురు అడుగుదురు. ఈ రుగ్మతకే ప్రత్యేకమైన మందు ఇంతవరకు లేదు. బ్రిటనులోని వైద్యప్రమాణముల సంస్థ 2009లోనే, ఈ రుగ్మతకని గాని దీని విడివిడి లక్షణములకని గాని మందులు వాడవలదని చెప్పినది. లామోట్రిజీన్ అను మందుపై చాల యాశ యుండెను. కాని 2018లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షయందు, 276 మందిపై ప్రయోగింపగా, ఉత్తుత్తి మాత్రకంటె అది యెక్కువ మేలు చేయలేదని తేలెను. అయితే కూడనున్న మనోవిషాదము వంటి వ్యాధులకు మందులు కావలసియుండును. కష్టసమయమున కొలదిదినములు నిద్రకు, శాంతికి మందులీయవచ్చును. కావున వైద్యుడు ఇచ్చుచున్న మందును తానుగా మానరాదు. అంగడిలో నిద్రమాత్రలు కొని తానుగా వాడరాదు.

మరి నయమగునా? అమెరికాలో మేరీ జనారిని యను విదుషి 1992లో ప్రారంభించి 290 మంది రోగులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచెను. పదేండ్లు గడచునప్పటికి నూటికి 93 మందికి రుగ్మత లక్షణములు కనీసము రెండేండ్లపాటు ఉపశమించెను. సగముమంది పూర్తిగా కోలుకొని, ఉద్యోగము, స్నేహము, సంసారము నిలుపుకొనిరి. తక్కిన సగమునకు లక్షణములు తగ్గినను జీవితము కుదుటపడుటకు ఇంకను తోడ్పాటు కావలసియుండెను. ఏండ్లు పట్టునన్నది నిజము. నయము కాదన్నది మాత్రము అబద్ధము.

ఇంటివారి కర్తవ్యము

రోగి వారమున నొక గంట చికిత్సకునియొద్ద నుండును. తక్కిన కాలమంతయు మనయొద్దనే. కావున ఇంటివారి మాటయు చికిత్సలో భాగమే.

మొదటిది: బాధను ఒప్పుకొనుడు, చేష్టను ఒప్పుకొననక్కరలేదు. కోడలు ఏడ్చుచు, "మీరెవ్వరును నన్ను ప్రేమింపరు" అన్నపుడు అత్తగారు "ఇంత చేసినను ఈ మాటయా?" అన్నచో పుండుమీద కారము చల్లినట్లగును. "అమ్మాయీ, నీకెవరును లేరని తోచుచున్నదే, అది యెంత భయముగా నుండునో! నేనిచ్చటనే కూర్చుందును. నీ కోపము తగ్గిన తరువాత మాటలాడుకొందము" అన్నచో అబద్ధమును చెప్పినట్లును గాదు, అగ్నిలో నేయి పోసినట్లును గాదు.

రెండవది: వెళ్లగొట్టుదుమని బెదరింపకుడు. "నీ పుట్టింటికి పొమ్ము" అను మాట మన యిండ్లలో మంచినీళ్లవలె వాడబడుచున్నది. విడువబడుదునను భయమే రోగమైన పిల్లకు ఆ మాట శస్త్రమే. నియమములు పెట్టవలసినచో శాంతసమయమున పెట్టుడు, పెట్టినదానిని తప్పకుడు. నేడు అన్నింటికి లొంగి రేపు అన్నింటిని నిరాకరించుట ఆమె భయమును పెంచును.

మూడవది: ప్రాణము తీసికొందునన్న మాటను ఎన్నడును తేలికగా తీసికొనకుడు. "పదిసార్లన్నది, ఏమియు చేయలేదు" అని ధైర్యపడకుడు. నెమ్మదిగా, సూటిగా, "చనిపోవలెనని తోచుచున్నదా?" అని అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. మనస్సు విప్పుటకు దారి దొరకును. ఆమెను ఒంటరిగా విడువకుడు.

నాలుగవది: విషము పుచ్చుకొన్నారని తెలిసినచో ఉప్పునీరు, సబ్బునీరు, పేడనీరు త్రాగించి వాంతి చేయింపవలదు. దానివలన విషము ఊపిరితిత్తులకు పోవచ్చును. మందు పడిన బట్టలు విప్పి, చర్మమును నీటితో కడిగి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108 వాహనమును పిలిచి, డబ్బాను వెంట గొని వెంటనే వైద్యశాలకు పోవలయును. ప్రాణము నిలిచి ఇంటికి వచ్చిన పిమ్మట కథ ముగిసినదని తలంపక మానసికవైద్యునికి చూపవలయును. చాల కుటుంబములు తప్పిపోవునది ఈ మెట్టుననే.

ఐదవది: పెండ్లి మందు కాదు. "పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి యయితే గాని పిచ్చి కుదరదు" అని మన పెద్దలు పరిహాసమునకు చెప్పినదానిని కొందరు వైద్యముగా భావింతురు. రోగమును దాచి పెండ్లి చేసినచో క్రొత్త యింట, క్రొత్త మనుష్యుల నడుమ, పుట్టింటిని విడిచిన దుఃఖముతో, రోగము హెచ్చుటకే యవకాశము. ముందు చికిత్స, పెండ్లిమాట పిమ్మట. అట్లని ఈ రుగ్మత గలవారు వివాహమునకు తగరని గాదు. కోలుకొనినవారు చక్కగా సంసారములు చేసికొనుచున్నారు.

ఆరవది: మీ యారోగ్యమును మీరు చూచుకొనుడు. ఇట్టి రోగితో నుండు తల్లియో, అత్తయో, తోడికోడలో నిద్రాహారములు మాని కృశించుట వలన రోగికి మేలు కలుగదు. భారమును ఇంటిలోని పురుషులును పంచుకొనవలయును. కొట్టుట, తిట్టుట, గదిలో బంధించుట చికిత్సలు కావు. ఇంటిలో హింస జరుగుచున్నచో అది ఆపబడనిదే ఏ వైద్యమును ఫలింపదు. స్త్రీలకు 181 సంఖ్యపై సహాయము దొరకును.

చట్టము, సహాయము

పోలీసు కేసు అగునను భయముచే పూర్వము చాలమంది వైద్యశాలకు పోవుటకు జంకెడివారు. ఆ భయము ఇక వలదు. 2017వ సంవత్సరపు మానసికారోగ్యరక్షణ చట్టము 2018లో అమలునకు వచ్చినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మనోవ్యథలో నున్నట్లు భావించి, శిక్షింపక, వారికి చికిత్సయు సంరక్షణయు కల్పింపవలయునని ఆ చట్టము చెప్పుచున్నది. 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలున నున్న భారతీయ న్యాయసంహితయందు, పాత శిక్షాస్మృతిలో ఆత్మహత్యాయత్నమును నేరముగా జేసిన సెక్షను లేదు. ప్రభుత్వ వైద్యశాలలో మానసిక చికిత్స పొందుట ప్రతివారికిని హక్కు అని కూడ 2017వ సంవత్సరపు చట్టమే చెప్పుచున్నది.

నిజాము కాలమున ఈ రాజ్యపు మానసిక వైద్యశాల దూరమున జాల్నాలో నుండెను. 1953లో హైదరాబాదునందలి ఎఱ్ఱగడ్డకు మార్చబడెను. అప్పటి జనులకు మనోవ్యాధి యన్న గోడల నడుమ బంధమని భయము. సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మతకు దీర్ఘకాలము వైద్యశాలలో నుంచుట సాధారణముగా అవసరము లేదు. ప్రాణాపాయ సమయమున కొలదిదినములు చాలును. తక్కిన చికిత్స ఇంటినుండి పోయివచ్చుచు పొందునదే. ఓరుగంటివారికి ఎం.జి.ఎం. దవాఖానాలోనే మానసికవైద్యులు కలరు. దూరపు పల్లెలవారికి, గడప దాటలేని స్త్రీలకు, 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ సేవ యున్నది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను, ధనము చెల్లింపక, తెలుగుననే మాటలాడవచ్చును. రోగియే మాటలాడనక్కరలేదు, దిక్కుతోచని తల్లియు పిలిచి సలహా నడుగవచ్చును.

సోదరీమణులారా, "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను రోగముల విషయమున వర్తింపజేయకుడు. క్షయను, కుష్ఠమును ఒకప్పుడు ఇండ్లలో దాచిరి. దాచినంతకాలము అవి పెరిగెను. వెలికి తెచ్చి చికిత్స చేసిన పిమ్మట నయమాయెను. ఇదియు నట్టిదే. మీ యింట, మీ పొరుగింట, మీ బడిలో ఇట్టి పిల్ల యున్నచో ఆమెకు మొండిదను పేరు పెట్టుటకు ముందు ఒక్కసారి ఆమె ప్రక్కన కూర్చుండి వినుడు. ఈ వారములోనే ఇంటిలోని పురుగుమందునకు, మాత్రలకు తాళము వేయుడు. 14416 అను సంఖ్యను వంటయింటి గోడమీద, పాలలెక్క వ్రాసికొనుచోటనే, అందరికిని కనబడునట్లు వ్రాసియుంచుడు. అవసరము రానిచో సంతోషమే. వచ్చినచో వెదకుకొనుటకు వ్యవధి యుండదు.